పరపతి ఎవరిది, నష్టం ఎవరిది?

కిందటి సంవత్సరం మా కాలేజీలో డిజిటల్ జాగరూకత అనే పేరుతో ఒక సదస్సు జరిగింది. ఒక బ్యాంకు నుంచి వచ్చిన అధికారిగారు గంటసేపు ఉపన్యసించారు. ఇంటర్నెట్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్లు దొంగ కార్డుల వల్ల నష్టపోతున్నారంటే అందుకు వాళ్ల అజాగ్రత్తే కారణమని ఆయన సిద్ధాంతం. పది జాగ్రత్తలు అచ్చువేసిన కరపత్రం కూడా పంచారు. ఉపన్యాసం ముగియగానే విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్యాద కోసం కొట్టిన ఆ చప్పట్లకు ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ పది జాగ్రత్తల్లో తొమ్మిది మంచివే. వాటిని గురించి ముందు ముందు నేనే చెప్పబోతున్నాను. నా తగాదా వాటితో కాదు, వాటికి పైన లావు అక్షరాల్లో వేసిన ఒక్క వాక్యంతో: కార్డు మోసం జరిగినప్పుడు నష్టానికి బాధ్యత వ్యాపారిదే. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పినంత నిశ్చింతగా ఈ మాట చెప్పారు. అది ప్రకృతి ధర్మమన్నట్టు, ఎవరూ చేయకుండా దానంతటదే పుట్టిన నియమమన్నట్టు! నియమాలు వాటంతటవి పుట్టవు. ఎవరో రాస్తారు, ఎవరి ప్రయోజనం కోసమో రాస్తారు. రాసిన చేతిని చాటున పెట్టి జాగ్రత్తలు బోధించడమంటే, చెరువుకు గండి కొట్టినవాణ్ని వదిలేసి మునిగినవాడికి ఈత పాఠాలు చెప్పడమే.

మన శిబిరంలోనే మరొక వాదం వుంది. మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన, నిజాయితీపరుడే, నా గొడవ విని నవ్వాడు. "వ్యాపారి సొమ్ము దొంగ తిన్నాడు. దోచుకున్నదాన్ని ఇంకొకడు దోచుకున్నాడు. మధ్యలో మీకేమిటండీ బాధ?" అన్నాడు. పక్కనున్న విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురికి ఈ మాట నచ్చింది కూడా. అధికారిగారి మాటా, మిత్రుడి మాటా పైకి ఉప్పూ నిప్పూ లాగా కనిపిస్తాయి. తేల్చేది మాత్రం ఒక్కటే: నష్టపోయిన మనిషి గోడు ఎవరూ వినక్కరలేదని. కనుక ముందు ఆ మనిషిని చూద్దాం.

ఆమె నా దగ్గర డిగ్రీ చదువుకున్న అమ్మాయి. పేరు అక్కరలేదు. అత్తవారిది మంగళగిరి. మామగారు గుంటమగ్గం మీద నేస్తారు. ఇంట్లో రెండు మగ్గాలు, కూలికి నేసేవాళ్లు బయట మరో నలుగురు. చీర నేసి షావుకారుకు అప్పగించడం, అతను విదిల్చినంత తీసుకోవడం మూడు తరాలుగా ఆ ఇంటి ఆచారం. ఈ అమ్మాయి 2021లో ఒక వెబ్‌సైటు పెట్టించింది. నిజాం అంచు చీరలకు ఫోటోలు తీసి, ధరలు రాసి, డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ వున్న మనవాళ్లకు నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. నెలకు పది పన్నెండు చీరలు పోయేవి. "షావుకారు గుమ్మం ఎక్కి ఏడాదైంది సార్" అని ఒకసారి ఫోన్లో చెప్పింది. ఆ గొంతులోని ధీమా నాకింకా గుర్తు.

2023 ఆగస్టులో ఒక ఆర్డరు వచ్చింది. పట్టు చీరలు 12. ఒక్కొక్కటి 5,400 రూపాయలు, మొత్తం 64,800. విదేశీ కార్డు మీద డబ్బు కట్టారు. వెబ్‌సైటుకూ బ్యాంకులకూ మధ్య డబ్బు నడిపించే కంపెనీ, గేట్‌వే అంటారు దాన్ని, ఆ చెల్లింపును ఆమోదించింది. నాలుగు రోజుల్లో రుసుము పోను మిగిలింది ఖాతాలో పడింది. ఆమె చీరలు కొరియరుకు ఇచ్చింది. అవతల ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు కూడా. 83 రోజులు గడిచాక, నవంబరులో, గేట్‌వే నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. కార్డు అసలు యజమాని ఈ ఖర్చు తనది కాదంటున్నాడట, ఆ మొత్తం వెనక్కు పోయిందట. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెతను మనం హాస్యానికి వాడుకుంటాం. ఇక్కడ అది వ్యాపార నియమం. వీసా నిబంధనల్లో ఇలాంటి తగాదా లేవదీయడానికి సాధారణంగా 120 రోజుల గడువుంది. కుక్క మొరిగేసరికి దొంగ పొలిమేర దాటాడు, వచ్చిన డబ్బు పట్టునూలుకూ జరీకీ నేతకూలికీ ఖర్చయిపోయింది.

చీరలు పోయాయి, డబ్బు పోయింది. అంతటితో అయిందా? గేట్‌వే తీసుకున్న రుసుము 3 శాతం, అంటే 1,944 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 350. అది తిరిగి రాలేదు. తగాదాను నడిపినందుకు ఇంకొక రుసుము కోశారు. కొరడాతో కొట్టి కొరడాకు అద్దె అడిగినట్టుంది ఈ వరస. తర్వాత వచ్చిన ఆర్డర్ల డబ్బును ఈ బాకీ కింద జమకట్టుకున్నారు. ఆ ఆర్డర్ల చీరలు నేసినవాళ్లకు కూలి ఇవ్వడానికి ఆమె మెడలో గొలుసు తాకట్టు పెట్టింది. ఎవరి దగ్గర? ఆ షావుకారు దగ్గరే.

అధికారిగారు ఈ కథ వింటే అజాగ్రత్త అంటారు. పూర్తిగా కాదనను, ఆమే ఒప్పుకుంది. చీర కొనేవాళ్లు రంగు గురించి పది ప్రశ్నలు వేయకుండా కొనరు. ఈ మనిషి ఒక్క ప్రశ్న వేయలేదు. నెలకు పన్నెండు చీరలు పోయే దుకాణంలో ఒక్క ఊపున పన్నెండూ కొన్నాడు. త్వరగా పంపమని రెండుసార్లు రాశాడు, కొరియరు ఖర్చు ఎంతైనా ఫర్వాలేదన్నాడు. కార్డు మీద ఒక పేరు, చీరలు అందుకునే చోట ఇంకొక పేరు. గేట్‌వే లెక్కలు తిరగేసి చూస్తే, అదే గంటలో అంతకుముందు రెండు కార్డులు చెల్లక తిరిగిపోయాయి. ఇవన్నీ మోసానికి గుర్తులని ఇప్పుడు ఆమెకు తెలుసు. సరే. కాని రెండు కార్డులు చెల్లక మూడోది చెల్లిందన్న సంగతి గేట్‌వేకు తెలియదా? వాళ్ల కంప్యూటర్ల గుండానే కదా అవి నడిచాయి? కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఆ యజమాని ఏ ఊళ్లో వుంటాడో, ఇంతకుముందు ఎక్కడ ఏమి కొన్నాడో తెలియదా? అన్నీ చూడగలిగినవాడు ఆమోదించానన్నాడు. ఏమీ చూడలేని మనిషి ఆ మాట నమ్మింది. శిక్ష నమ్మిన మనిషికి పడింది.

ఆమె ఆ ఈమెయిలు నాకు పంపింది. నేను కావ్యాలు పాఠం చెప్పుకునేవాణ్ని, ఇలాంటి కాగితాలతో నాకు పరిచయం లేదు. అయినా పద్యం విడమరచినట్టు వాక్యం వాక్యం విడమరిచి చదివాను. ఇంగ్లీషులో వున్న ఆ ఉత్తరంలో చెప్పుకోదగ్గ వాక్యమొక్కదానికీ కర్త లేడు. తెనిగిస్తే ఇలా వుంటుంది: మీ లావాదేవీ ప్రశ్నింపబడినది, మీ ఖాతానుండి మొత్తము మినహాయింపబడినది, మీ సాక్ష్యము తిరస్కరింపబడినది. ఎవరు ప్రశ్నించారు? ఎవరు మినహాయించారు? ఏ అధికారంతో తిరస్కరించారు? ఈ "బడు" ప్రయోగం తెలుగుకు సహజం కాదని నేను ఏటా విద్యార్థులకు చెబుతాను. రావణుడు రాముడిచేత చంపబడ్డాడని ఏ నాయనమ్మా కథ చెప్పదు. మన భాషలో పని జరిగిందంటే చేసినవాడు ఎదురుగా నిలబడతాడు. చేసినవాడు దాక్కోదలచుకున్నప్పుడే "బడు" కావలసివస్తుంది. వ్యాకరణం పాఠాల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు.

కారణం చెప్పవలసిన చోట ఒక అంకె వుంది: 10.4. వీసా వాళ్ల పద్దుల్లో దాని అర్థం, కార్డు కళ్లెదుట లేని చోట జరిగిన మోసం అని. ఆమె కొరియరు రసీదు, సంతకం, చీరల ఫోటోలు అన్నీ పంపింది. లాభం లేకపోయింది. ఎందుకంటే చీరలు చేరాయా లేదా అన్నది ఆ అంకె కింద అసలు ప్రశ్నే కాదు, కొన్నది కార్డు యజమానేనా అన్నదే ప్రశ్న. ఆ తేడా ఆమెకు ఎవరైనా ముందే తెలుగులో చెప్పారా? దుకాణం తెరిచిన నాడు "అంగీకరిస్తున్నాను" అని నొక్కిన ఒప్పందంలో ఎక్కడో వుందట. వుండే వుంటుంది. వేలిముద్ర వేయించుకునే రోజుల్లో కూడా ప్రోనోటులో అన్నీ వుండేవి.

పోలీసు స్టేషనుకు కూడా వెళ్లింది. అక్కడ ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "కార్డు మీదేనా అమ్మా?" కాదంది. "అయితే బాధితులు మీరెలా అవుతారు?" అన్నారు. మన సమాచార సాంకేతిక చట్టంలో 66సి, 66డి సెక్షన్లు వున్నాయి. ఇంకొకరి గుర్తింపు దొంగిలించినా, కంప్యూటరు సాయంతో ఇంకొకరిలా నటించి మోసం చేసినా మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆ శిక్ష పడవలసినవాడు ఏ దేశంలో వున్నాడో ఎవరికీ తెలియదు. చేతికి దొరికిన మనిషి మంగళగిరిలో వుంది.

ఇప్పుడు గొలుసు చూద్దాం. కొనేవాడికి కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి. అమ్మేవాడి తరఫున వసూలు చేసే బ్యాంకు ఒకటి. రెండింటినీ కలిపే వీసా, మాస్టర్‌కార్డు లాంటి సంస్థ ఒకటి. చిన్న దుకాణాన్ని వీళ్లందరికీ తగిలించే గేట్‌వే ఒకటి. అమ్మకం మీద కోసిన రుసుము ఈ నలుగురూ పంచుకుంటారు. నష్టం వచ్చినప్పుడు మాత్రం అది నలుగురి తలల మీదుగా ఎగిరి ఐదో మనిషి నెత్తిన పడుతుంది.

ఇలా పడక తప్పదా? తప్పనిసరి ఏమీ కాదని వాళ్ల నియమాలే సాక్ష్యం చెబుతున్నాయి. చిప్పు వున్న కార్డును చిప్పు చదివే యంత్రంలో పెట్టి కొంటే, అది నకిలీ కార్డని తేలినా నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి, చిప్పు చదివే యంత్రం పెట్టుకోని దుకాణానిదే ఆ నష్టమని కార్డు సంస్థలు నియమం మార్చాయి. నిన్న బ్యాంకుది, నేడు దుకాణానిది. మధ్యలో మారింది లోకధర్మం కాదు, ఒక తేదీ. ఆ తేదీ తర్వాత దొంగలు కూడా దుకాణాలు వదిలి ఇంటర్నెట్ దారి పట్టారు, అక్కడ చిప్పుతో పని లేదు కనుక. ఇంటర్నెట్‌లో కూడా ఒక తాళం వుంది: 3డి సెక్యూర్. కొనేవాణ్ని అతని బ్యాంకే మళ్లీ ఒకసారి, రహస్య అంకెతోనో ఫోనుతోనో, నువ్వేనా అని అడిగే పద్ధతి. వీసా దీన్ని 2001లో తెచ్చింది. ఆ పరీక్ష నెగ్గిన కొనుగోలు తర్వాత దొంగదని తేలినా, ఆ నష్టం సాధారణంగా బ్యాంకే భరించాలి. మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి దేశీయ కార్డులకు ఇంటర్నెట్ కొనుగోళ్లలో ఇలాంటి రెండో పరీక్షను తప్పనిసరి చేసింది. మనకు ఓటీపీ అలవాటైంది అలాగే. యూరపు 2019 సెప్టెంబరులో ఆ దారికి వచ్చింది. అమెరికాలో అలాంటి చట్టం లేదు. విదేశంలో ఇచ్చిన కార్డు మన దుకాణానికి వచ్చినప్పుడు మన 2009 నియమం దానికి వర్తించదు. మంగళగిరి అమ్మాయి కాలు పడింది సరిగ్గా ఆ సందులోనే. గేట్‌వే వాళ్లు విదేశీ కార్డుల తలుపు తెరిచి ఇచ్చారు, గొళ్లెం ఎక్కడుందో చెప్పలేదు.

ఈ కార్డుల పుట్టుక కూడా తెలుసుకోవలసిందే. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనే ఊళ్లో ఎవరూ అడగకుండానే 60,000 కార్డులు తపాలాలో పంపింది. తర్వాత వీసా అయింది ఆ కార్డే. దొంగతనాలు మొదలయ్యాయి, నూటికి నాలుగు ఖాతాలు బకాయి పడతాయని లెక్కవేసుకుంటే ఇరవై రెండు పడ్డాయి. అంటే కార్డూ కార్డు మోసమూ కవలపిల్లలు. మోసాన్ని సృష్టించింది చిన్న వ్యాపారి అజాగ్రత్త కాదు, వ్యాప్తి కోసం బ్యాంకు పడిన తొందర. జనం గగ్గోలు పెట్టాక 1970లో అమెరికా చట్టం అడగని కార్డులు పంపడాన్ని నిషేధించింది, దొంగ వాడకానికి కార్డు యజమాని బాధ్యత 50 డాలర్లు మించకూడదంది. 1974లో ఇంకొక చట్టం, తప్పు బిల్లు మీద తగాదా పెట్టే హక్కు ఇచ్చింది. ఇవి మంచి చట్టాలు. మన రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం కూడా మంచిదే: తప్పు తనదీ బ్యాంకుదీ కానప్పుడు, మూడు పనిదినాల్లో చెప్పుకున్న ఖాతాదారుకు నష్టం లేదు. కొనేవాణ్ని కాపాడిన ఈ హక్కుల్లో ఒక్క అక్షరం తగ్గించాలని నేనను. నేననేది, కొనేవాడి భుజం మీంచి దించిన బరువును బ్యాంకు తన భుజాన ఎత్తుకోలేదని. దారిలో కనిపించిన అందరికంటే చిన్నవాడి నెత్తికెత్తి తాను చేతులు దులుపుకుంది.

దొంగ చేతికి ఆ కార్డు అంకెలు ఎక్కడివి? 2008లో హార్ట్‌లాండ్ అనే చెల్లింపుల కంపెనీ కంప్యూటర్లలోంచి సుమారు 13 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. ఆ కేసులో ఆల్బర్ట్ గొంజాలెజ్ అనేవాడికి 2010లో 20 ఏళ్ల జైలు పడింది. 2013లో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డులు, 2014లో హోమ్ డిపో నుంచి 5 కోట్ల 60 లక్షలు. కోటానుకోట్ల రాబడి, వందలమంది ఇంజనీర్లు, కాపలా సాఫ్ట్‌వేర్లు వున్న కంపెనీలివి. అలా పోయిన అంకెలు అంగట్లో అమ్ముడవుతాయి. కొన్న దొంగ వాటిని చెల్లించుకునేది కాపలా లేని చిన్న దుకాణంలో. చేను మేసింది ఒక ఎద్దు, బందెలదొడ్డికి పోయింది ఇంకొకటి. జాగరూకత ఉపన్యాసాలు ఈ పెద్ద కంపెనీల గుమ్మాల ముందు ఎందుకు జరగవో అధికారిగారు చెప్పాలి.

మాట వచ్చింది కనుక ఒక చిన్న పిడకల వేట. క్రెడిట్ అన్న మాటకు మనకు "పరపతి" అన్న మంచి మాట వుంది. పరపతి అంటే అప్పు పుట్టడం, పలుకుబడి వుండడం కూడా. ఒకే మాటలో ఈ రెండర్థాలను ఇమిడ్చిన తెలుగువాడు అమాయకుడు కాదు. పలుకుబడి వున్నవాడికే అప్పు పుడుతుందని, పుట్టిన అప్పు పలుకుబడిని పెంచుతుందని అతనికి తెలుసు. కార్డు గొలుసులో నలుగురికి పరపతి వుంది. ఐదో మనిషికి వున్నది పూచీ ఒక్కటే.

ఇక నా మిత్రుడి మాట. లెనిన్ 1916లో సామ్రాజ్యవాదం మీద రాసిన పుస్తకాన్ని ఆయన విద్యార్థులకు శ్రద్ధగా చెబుతాడు. బ్యాంకుల పెత్తనాన్ని గురించి ఆయన చెబితే నేను కూడా నోట్సు రాసుకుంటాను. కాని ఆ పెత్తనం తన వీధిలో, తన శిష్యురాలి ఫోనులో 10.4 అనే రూపంలో కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాడు. వ్యాపారి అన్న మాట వినగానే ఆయనకు కిరాణా టోకు గోదాము కళ్ల ముందు నిలబడింది. ఈమె వ్యాపారి ఏమిటి? మామగారు నేస్తారు, తాను అమ్ముతుంది, రాత్రిపూట అత్తాకోడళ్లు కూర్చుని చీరలు మడతపెడతారు. నలుగురికి కూలి ఇస్తుంది కదా అంటారా? ఇస్తుంది. ఆ నలుగురికీ ఆమె ఇచ్చే కూలి షావుకారు ఇచ్చేదానికంటే మెరుగా కాదా అన్నది అడగవలసిన ప్రశ్నే, ఆమెనూ అడిగాను. కొంచెం మెరుగే, ఎంతో కాదు. అయినా చార్జ్‌బ్యాక్ వచ్చిన నెలలో ఆ నలుగురిలో ఇద్దరికి పని పోయింది. నష్టం గొలుసు ఐదో మనిషితో ఆగలేదు, ఆరో మనిషి, ఏడో మనిషి దాకా జారింది. మగ్గం మీద కూర్చున్నవాడి కూలిని ఫ్రెస్నోలో పుట్టిన నియమం ఎలా కోసిందో చూపించడం కంటే మార్క్సిస్టు అర్థశాస్త్రానికి వేరే పాఠం ఏం కావాలి?

జాగ్రత్తలు చెబుతానన్నాను. చెప్పకపోతే ఇది వట్టి ఉపన్యాసమవుతుంది. ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తున్నదో అదే చెబుతాను. విదేశీ కార్డుకు 3డి సెక్యూర్ పరీక్ష నెగ్గకపోతే తీసుకోవద్దని గేట్‌వేకు రాసి పెట్టించింది. నెలరోజులు వెంటపడితే గాని చేయలేదు. అమెరికా కార్డులకు చిరునామాలోని అంకెలు, పిన్‌కోడు కార్డువాడివేనా అని సరిచూసే సదుపాయం వుంటుంది, అది కూడా అడిగి తెరిపించింది. ఒక్కొక్క కొనుగోలుదారు ఎన్నిసార్లు కార్డు ప్రయత్నించవచ్చో హద్దు పెట్టింది. ఎందుకంటే దొంగలు ముందు నూరూ యాభై రూపాయల సరుకు మీద వరసగా పదుల కార్డులు పెట్టి ఏది చెల్లుతుందో చూసుకుంటారు. మొదటిసారి వచ్చిన పెద్ద ఆర్డరును రెండు రోజులు ఆపుతుంది. ఫోను చేసి, ఏ రంగు కావాలి, అంచు ఎంత వెడల్పు అని మాట కలుపుతుంది. చీర కట్టే ఇంటి మనిషికీ దొంగకూ తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుందట, ఈ విద్య ఏ కంప్యూటరుకూ లేదు. కార్డు అంకెలు వాట్సాప్‌లో పంపుతామంటే వద్దంటుంది, ఎక్కడా రాసి పెట్టుకోదు. ఎక్కువ కట్టాం, మిగిలింది మా రవాణా మనిషికి పంపమని అడిగేవాళ్లున్నారు, అది పాత ఎత్తు; డబ్బు వాపసంటూ ఇస్తే వచ్చిన కార్డుకే ఇస్తుంది. బిల్లు మీద గేట్‌వే పేరు కాకుండా తన దుకాణం పేరే పడేలా చేయించింది, పేరు గుర్తుపట్టక తగాదా పెట్టే అమాయకపు కొనుగోలుదారులు తగ్గారు. కబుర్లు, రసీదులు, కొరియరు కాగితాలు 2023 తర్వాత ఒక్కటీ పారేయలేదు.

ఫలితం? మోసం ఆగింది, అమ్మకం కూడా నాలుగో వంతు తగ్గింది. రెండో పరీక్షకు అలవాటు లేని అమెరికా కార్డుతో వచ్చిన మనవాళ్లే విసుగుపడి వెనక్కు పోతున్నారు. డాలస్ నుంచి ఒక పెద్దామె ఫోను చేసి, "నన్ను దొంగనుకున్నావా అమ్మాయీ?" అని నిష్ఠూరమాడిందట. జాగ్రత్త ఉచితంగా దొరకదు. ఆ ఖరీదు కూడా ఆమే కడుతున్నది. ఇంకా వింత ఏమిటంటే, అదనపు రుసుము కడితే చార్జ్‌బ్యాక్ నష్టం తాము భరిస్తామనే కంపెనీలు బయలుదేరాయి. రోగం ఇచ్చినవాడి వీధిలోనే మందుల కొట్టు.

కాబట్టి అడగవలసింది అడగాలి. అమ్మే మనిషికి ఇచ్చిన తనిఖీలన్నీ ఆమె చేసిన తర్వాత కూడా మోసం జరిగితే, ఆ వ్యవహారం మీద రుసుము తిన్న నలుగురూ తిన్న పాళ్లలో నష్టం పంచుకోవాలి. అమ్మకమే చెల్లదన్నప్పుడు దాని మీద తీసుకున్న రుసుము ఏ ముఖం పెట్టుకుని వుంచుకుంటారు? తిరిగి ఇవ్వాలి. అంతకుముందు రెండు కార్డులు తిరిగిపోయాయన్న కబురు సరుకు పంపకముందే, ఆమె చదవగలిగిన భాషలో, ఆమె తెర మీద కనిపించాలి. విదేశీ కార్డుల తలుపు కొత్త దుకాణానికి గొళ్లెం వేసే వుండాలి, తెరిస్తే ఏమవుతుందో తెలిసి ఆమే తెరుచుకోవాలి. ఇందులో ఏదీ విప్లవం కాదు. రిజర్వు బ్యాంకు ఒక ఆదేశంతో చేయగలిగినవే చాలా వున్నాయి, 2009లో ఓటీపీని అలాగే తెచ్చింది.

ఇవి విడివిడి మనుషులు అడిగితే వచ్చేవి కావు. గేట్‌వే కంపెనీకి ఒక్క మంగళగిరి దుకాణం వుంటే ఎంత, పోతే ఎంత? మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. వడ్డీవ్యాపారి దగ్గర ఒంటరిగా నిలబడిన రైతు పదిమందితో కలిస్తే పరపతి పుడుతుందన్న ఆలోచనే దాని మూలం. నేత సంఘాలు నూలు కొనడానికి, చీరలు అమ్మడానికి ఏకమయ్యాయి. కార్డు డబ్బు తీసుకోవడానికి ఎందుకు ఏకం కావు? యాభై ఇళ్ల వెబ్‌సైట్లకు సంఘం పేరున ఒకే గేట్‌వే ఖాతా, తగాదాలు చదివి జవాబు రాసే గుమాస్తా ఒకరు, అందరి అమ్మకంలోంచి కొద్దికొద్దిగా తీసిన నష్టనిధి ఒకటి. పన్నెండు చీరల దెబ్బ ఒక ఇంటిని గొలుసు తాకట్టు దాకా తోసింది, యాభై ఇళ్ల మీద పడితే మనిషికి పదమూడు వందలు. నేత సంఘాల్లో ఎన్ని కాగితం మీదే మిగిలాయో, ఎన్నింటిని షావుకార్లే బినామీ పేర్లతో నడుపుతున్నారో నాకు తెలియక కాదు. అందుకే ఈ పని సంఘం పెద్దలకు వదలకుండా, ఇంగ్లీషు ఒప్పందం చదవగలిగిన మన విద్యార్థులు ఆ గుమాస్తా పని కొన్నాళ్లు ఉచితంగా చేసి చూపించాలంటున్నాను. మా కాలేజీలో ఐదుగురు ఒప్పుకున్నారు. అర్థశాస్త్రం మిత్రుడు నవ్వడం మానలేదు గాని, ఒప్పందంలోని లెక్కల భాగం తానే చదివిపెడతానన్నాడు.

ఆ అమ్మాయి గొలుసు ఇంకా షావుకారు దగ్గరే వుంది. డిసెంబరులో మళ్లీ జాగరూకత సదస్సు పెడతారని తెలిసి, ఈసారి వేదిక మీద అధికారిగారి పక్కన ఆమెకు కూడా ఒక కుర్చీ వేయమని ప్రిన్సిపాలుగారికి కాగితం రాసి ఇచ్చాను. "పరిశీలింపబడును" అని రాసి సంతకం పెట్టి వెనక్కు పంపారు.